మొదటి పేజీలో ఒంటె

మా చెల్లె కొడుకుకు మూడేళ్ళు నిండి నాలుగో నెల నడుస్తున్నది. 2012 ఆగస్టులో ఒక ఆదివారం నేను వాళ్ళింటికి పోయిన రోజున, వాడు పెరుగన్నం తింటూ తింటూ ఆగి "నాకు ఇంకో ఇల్లుండె" అన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. కరెంటు లేదు కాబట్టి టీవీ కూడా నడవడం లేదు. వాడు ముద్ద మింగి, కంచంలోని మెతుకులను వేలితో ఒక పక్కకు నెట్టుకుంటూ, "ఆడ బత్తాయి చెట్లుండె. నాకు కరెంటు కొట్టింది. మా ఇంట్ల ఒంటె ఉండె" అని మళ్ళీ తినడంలో పడ్డాడు. మా చెల్లె చేతిలోని గంటె అట్లాగే ఆగింది. గడప దగ్గర కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆమె అత్తగారు తల ఎత్తకుండానే "నేను ముందే అనలేదా పిల్లా?" అన్నది.

చనిపోయిన ఒక పిల్లగాడే వీడై మళ్ళీ పుట్టాడని ఆమె ముందే అనడానికి కారణముంది. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లవాడి కుడి అరచేతిలో, బొటనవేలి మొదట్లో చింతగింజంత నల్లమచ్చ ఒకటున్నది. వాడు పుట్టడానికి రెండేళ్ళ ముందు, రెండు కిలోమీటర్ల దూరంలోని పక్క ఊళ్ళో 22 ఏళ్ళ పిల్లగాడు రాత్రిపూట బత్తాయి తోటకు నీళ్ళు పెట్టడానికి పోయి, స్టార్టరు డబ్బా దగ్గర షాక్ కొట్టి చనిపోయాడు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు నల్లగొండ జిల్లాలో బోర్ల కింద సేద్యం చేసినవాళ్ళకు ఆ విడతల కరెంటు సంగతి, అర్ధరాత్రి తడి కాళ్ళతో మోటరు దగ్గరికి నడిచిన సంగతి ఒకరు గుర్తు చేయనక్కర లేదు. ఆ చావు గురించి చుట్టుపక్కల ఊళ్ళలో మాట్లాడుకోని అరుగు లేదు. మా చెల్లె ఇంటి అరుగు కూడా అందులో ఒకటి.

నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పిల్లల మాటల్లో వింతగా తోచినవాటిని రాసి పెట్టుకోవడం ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నాకున్న అలవాటు. ఆ రోజు కూడా చొక్కా జేబులోని నోటుబుక్కు తీసి, పైన తారీఖు వేసి, ఆ నాలుగు వాక్యాలను వాడన్న వరుసలో, వాడన్న మాటల్లోనే రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. పూర్వజన్మ జ్ఞాపకాల గురించి నాకు తెలిసినదంతా ఆ పేజీకీ, ఆ తరువాత మూడు నెలల్లో మా వాళ్ళ నోళ్ళలో తయారైన కథకూ మధ్య ఉన్న దూరంలోనే ఉంది.

మన ఇళ్ళల్లో పునర్జన్మ అనేది వాదించి నిరూపించుకునే సిద్ధాంతం కాదు, వంటింటి మాట. కోడలు మంచిదైతే ఏ జన్మల పుణ్యమో అంటారు, కొడుకు అప్పులు చేస్తే ఏ జన్మల బాకీనో అంటారు. పసిబిడ్డ రాత్రంతా ఊరుకోకుండా ఏడిస్తే పెద్దలు పేరు అడుగుతున్నరని, చనిపోయిన తాతదో అవ్వదో పేరు పెట్టి పిలిచి చూస్తారు. నాది మా తాత పేరే. మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ నన్ను పేరు పెట్టి పిలవలేదు, ఎందుకంటే భర్త పేరు నోటితో పలకకూడదు. ఎండలో ఆడుకుంటుంటే "ఓ పెద్దమనిషీ, లోపలికి రా" అని కేకేసేది. నేను ఆయనేనని ఆమె నిజంగా నమ్మిందా అంటే నాకు సందేహమే. ఆయనకు పెట్టినంత భయంగా నాకెప్పుడూ అన్నం పెట్టలేదు.

అయితే ఇంత నమ్మకం ఉన్న సంప్రదాయంలోనే మరచిపోవడం నియమం, గుర్తుండటం మినహాయింపు. భాగవతంలో కపిలుడు తల్లికి చేసిన ఉపదేశంలో, గర్భంలోని శిశువుకు నూరు జన్మల కర్మలు జ్ఞాపకం వస్తాయనీ, పుట్టుకతోనే ఆ స్మృతి నశిస్తుందనీ ఉంది. మనకెన్నో జన్మలు గడిచాయి, అవన్నీ నాకు తెలుసు, నీకు తెలియవు అని గీతలో కృష్ణుడు అర్జునుడితో అంటాడు. అర్జునుడంతటివాడికే లేని జ్ఞాపకం కలిగినవాళ్ళను జాతిస్మరులన్నారు; జింకగా పుట్టి కూడా గతాన్ని మరవని భరతుడిలాగా వాళ్ళు చాలా అరుదు. అంటే శాస్త్రం చదివిన పౌరాణికుడు కూడా, ఇంటింటా జాతిస్మరులు పుడుతున్నారంటే అంత తొందరగా ఒప్పుకోడు.

పిల్లల మాటలను పట్టించుకొని, ఊరూరా తిరిగి, సాక్షులను అడిగి రాసుకునే పనికి ఒక జీవితకాలం పెట్టినవాడు ఇయాన్ స్టీవెన్సన్. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో 1957లో మనోవైద్య విభాగానికి అధిపతిగా చేరిన ఆయన, అప్పటికే అచ్చయి ఉన్న ఉదంతాలను పోగుచేసి 1960లో ఒక వ్యాసం రాశాడు. మరుసటి ఏడాది స్వయంగా మన దేశానికీ, శ్రీలంకకూ వచ్చాడు. జిరాక్స్ పద్ధతిని కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ ఆ పనికి డబ్బు సమకూర్చాడు, 1968లో చనిపోయినప్పుడు పది లక్షల డాలర్లు ఆ పరిశోధనకు చెందేలా రాసిపోయాడు. ఈ విషయం మీద 1966లో వచ్చిన తన పుస్తకంలో స్టీవెన్సన్ ఇరవై ఉదంతాలను వివరించాడు గానీ, వాటిని పునర్జన్మకు రుజువులని అనలేదు, పునర్జన్మను సూచిస్తున్నట్టున్నవని పుస్తకం పేరులోనే జాగ్రత్తపడ్డాడు. 2007లో ఆయన చనిపోయాక ఆ విభాగంలో అదే పనిని జిమ్ టక్కర్ అనే పిల్లల మనోవైద్యుడు కొనసాగించాడు. అక్కడ పోగైన ఉదంతాలు 2,500 దాకా ఉన్నాయి. వాటిలో పదే పదే కనబడేవి కొన్నున్నాయి: పిల్లలు రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య చెప్పడం మొదలుపెడతారు, అయిదు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఆపేస్తారు, వాళ్ళు చెప్పే పాత మనిషి చాలాసార్లు ప్రమాదంలోనో హత్యలోనో హఠాత్తుగా పోయినవాడై ఉంటాడు. పుట్టుమచ్చలకూ పాత మనిషి ఒంటి గాయాలకూ పోలిక చూపడానికి స్టీవెన్సన్ 1997లో రెండు పెద్ద సంపుటాలే రాశాడు. మా చెల్లె అత్తగారికి ఆ సంపుటాల గురించి తెలియకపోయినా, అరచేతి మచ్చ దగ్గర ఆమె కూడా అదే దారి పట్టింది.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రిచా స్టీవెన్సన్‌తో కలిసి మన దేశంలో ఈ పని చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. ఆగ్రా జిల్లా ఫతేహాబాద్ ప్రాంతంలో డేవిడ్ బార్కర్‌తో కలిసి ఆమె ఊళ్ళు తిరిగి లెక్క తీస్తే, దాదాపు 450 మందికి ఒకరు చొప్పున ఇట్లాంటి ఉదంతం తేలిందని 1979లో ప్రచురించారు. అదే పస్రిచా 2001లో, దక్షిణ భారతంలో ఇవి ఎందుకింత తక్కువగా బయటికి వస్తున్నాయన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి వ్యాసం రాశారు. ఆ ప్రశ్న నాకు చాలా దగ్గరిదిగా తోచింది. కర్మ, జన్మ అనే మాటలు ఆగ్రాలో ఎంత ఉన్నాయో నల్లగొండలోనూ అంతే ఉన్నాయి. నమ్మకమొక్కటే ఉదంతాన్ని పుట్టించేటట్టయితే మన దగ్గర కూడా వాడకొకడు దొరకాలి. మా బడిలో ఇన్నేళ్ళలో నా చేతుల మీదుగా పోయిన పిల్లల్లో ఒక్కరి గురించి కూడా నేను అట్లాంటి మాట వినలేదు. నా ఊహ ఏమిటంటే, ఇక్కడ పిల్లవాడు ఇంకో ఇల్లు అన్నప్పుడు ఎక్కువమంది తల్లులు "ఏం లేదు, తిను" అని ఊరుకోబెడతారు. మాట వచ్చిన చోటే చచ్చిపోతుంది. మా ఇంట్లో అది బతకడానికి ఒక మచ్చ, ఒక చావు, ఒక అత్తగారు కావలసి వచ్చాయి.

ఆ తరువాత జరిగినది నేను ప్రతి రెండు వారాలకొకసారి పోయినప్పుడల్లా రాసుకున్నాను. రెండో వారానికి వాడిని అడిగే ప్రశ్నలు మొదలయ్యాయి. "ఆ ఇంట్ల నీకు తమ్ముడుండెనా?" అంటే తల ఊపాడు. "తమ్ముని పేరేంది?" అంటే తన అంగన్‌వాడీ దోస్తు పేరు చెప్పాడు. "అది కాదు బిడ్డా" అని అసలు పేరులో మొదటి అక్షరం అందించారు. నాలుగో వారానికి ఆ పేరు వాడి నోటికి వచ్చేసింది. మోటరు దగ్గర కొట్టిందా, స్తంభం దగ్గర కొట్టిందా అని అడిగితే "మోటరు" అన్నాడు, మళ్ళీ ఇంకొకరు అడిగితే "స్తంభం" అన్నాడు, ఆ రెండో జవాబును ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నవంబరు నాటికి ఇంటికి వచ్చిన చుట్టాలకు చెప్పే కథలో 17 సంగతులున్నాయి. చనిపోయిన పిల్లగాడి చొక్కా రంగు దగ్గర నుంచి వాళ్ళ బర్రె కొమ్ము విరిగిన సంగతి దాకా అన్నీ ఉన్నాయి, అన్నీ సరిపోయాయి. మొదటి పేజీలోని నాలుగు వాక్యాల్లో మూడు అందులో ఉన్నాయి. ఒంటె లేదు.

అమెరికాలో స్టీఫెన్ సెసి బృందం 1994లో బడికి పోయే వయసు రాని పిల్లల మీద చేసిన ఒక పరీక్ష గురించి చదివినప్పుడు నాకు మా చెల్లె ఇల్లే కళ్ళముందు కనబడింది. ఎలుకల బోనులో వేలు ఇరుక్కొని ఆసుపత్రికి పోయినట్టుగా, నిజానికి ఎన్నడూ జరగని సంగతులను చెప్పి, "ఇట్లా జరిగిందా, బాగా ఆలోచించి చెప్పు" అని వారానికొకసారి చొప్పున దాదాపు పది వారాలు అడిగారు. చివరికి 58 శాతం పిల్లలు అట్లాంటి సంగతుల్లో కనీసం ఒకదాన్ని జరిగినట్టే, వివరాలతో సహా వర్ణించారు. ఆ పిల్లలు అబద్ధమాడలేదు. మా వాడూ ఆడలేదు. పెద్దవాళ్ళ ముఖాల్లో ఏ జవాబుకు వెలుగు వస్తుందో అది చూసి ఆ వైపు నడిచాడు, అంతే. తరగతి గదిలో లెక్కకు జవాబు తెలియని పిల్లవాడు నా ముఖం చూసే తీరు నాకు బాగా తెలుసు.

ఇక్కడ నా వాదానికి ఎదురు తిరిగే సంగతిని దాచడం న్యాయం కాదు. నాలాంటివాళ్ళు అనే మాటనే పరీక్షించడానికి షౌటెన్ అనే పరిశోధకుడితో కలిసి స్టీవెన్సన్ 1998లో ఒక పోలిక చేశాడు. పాత కుటుంబాన్ని వెతికి పట్టుకోకముందే పిల్లవాడి మాటలు కాగితం మీద పడిన ఉదంతాలు 21, పడనివి 82, అన్నీ మన దేశానివీ శ్రీలంకవీ. కథ పెద్దల నోట్లోనే పెరిగేదైతే ముందే రాసిపెట్టిన ఉదంతాల్లో సరిపోయే మాటలు తక్కువ ఉండాలి గదా. తక్కువ లేవు, రెండు వైపులా నూటికి 77, 78 దగ్గర తేలాయి. ఈ లెక్క నన్ను కొన్నాళ్ళు నిద్రపోనివ్వలేదు. ఆలోచించగా నాకు తోచినది ఇది: రాసిపెట్టడం ఎంత ముందు జరిగినా, అది మొదటి మాటకు ముందు జరగదు. మొదటి మాటకూ మొదటి కాగితానికీ మధ్య ఇంట్లో ఎన్ని ప్రశ్నలు నడిచాయో ఆ కాగితం చెప్పదు. పైగా 2,500లో అట్లా ముందే రాసిన ఉదంతాలు ఇన్ని కొద్ది కావడమే, ఈ జాగ్రత్త ఎంత కష్టమో చూపిస్తున్నది. అయినా ఆ 21 ఉదంతాలను ఊదిపారేసేంత ధైర్యం నాకు లేదు.

డిసెంబరులో, నేను వద్దన్నా, పిల్లవాణ్ణి పక్క ఊరికి తీసుకుపోయారు. కనీసం పక్కనుండి చూద్దామని నేనూ పోయాను. వాకిట్లో ముప్పై మందికి తక్కువ లేరు. చనిపోయిన పిల్లగాడి తమ్ముణ్ణి జనంలో నిలబెట్టి, "నీ తమ్ముడు ఎవరో పట్టుకో" అన్నారు. అట్లా అన్న వెంటనే ఆ ముప్పై మందీ ఆ తమ్ముడి వైపే చూశారు. పిల్లవాడు వాళ్ళ చూపులు పోయిన దారినే పోయి అతని లుంగీ పట్టుకున్నాడు. ఆడవాళ్ళు ఏడ్చారు. ఆ ఏడుపు సద్దుమణిగాక వాడు వాకిలంతా కలయజూసి, గొడ్ల కొట్టం దాకా పోయి తొంగిచూసి, నా దగ్గరికి వచ్చి "మామా, ఒంటె ఏది?" అన్నాడు. పక్కనున్న పెద్దమనిషి "చిన్నపిల్లగాడు గదా సారూ, ఎద్దును ఒంటె అంటుండు" అని సర్దాడు. వాడికి ఎద్దు తెలుసు. వాళ్ళింట్లో రెండున్నాయి.

చనిపోయిన పిల్లగాడి తల్లి మాత్రం ఏ పరీక్షా పెట్టలేదు. పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకొని, కుడి చేయి తెరిచి, ఆ మచ్చ మీద తన బొటనవేలు ఆనించి, "నొప్పైందా బిడ్డా?" అని అడిగింది. వాడు చాలాసేపు ఆమె ముఖంలోకి చూసి, లేదన్నట్టు తల ఊపాడు. అయిదేళ్ళుగా ఆమె ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్న అదని నాకు అప్పుడు అర్థమైంది. ఆ తల ఊపడం ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చెప్పాలని ఆ వాకిట్లో నాకు అనిపించలేదు.

అయితే ఆ రాత్రి మా చెల్లె భయపడింది. వాళ్ళు పండుగలకు పంపమంటున్నరని, వీడిని తమ కొడుకుగా చూసుకుంటమంటున్నరని చెప్పింది. నేను ఆమెకు శాంతి దేవి సంగతి చెప్పాను. 1926లో ఢిల్లీలో పుట్టిన ఆ అమ్మాయి తాను మథురలో కేదార్‌నాథ్ చౌబే భార్య లుగ్దీనని చెప్పేది. లుగ్దీ అంతకు ముందటి ఏడాదే కొడుకును కని, కొద్ది రోజులకే చనిపోయింది. ఆ వార్త గాంధీజీ దాకా పోయింది. 1935 నవంబరులో 15 మంది పెద్దలు ఆమెను మథురకు తీసుకుపోయి, ఆమె ఇంటినీ మనుషులనూ గుర్తుపట్టిందని నివేదిక రాశారు. ఆ నివేదికను పొగిడినవాళ్ళూ తెగిడినవాళ్ళూ గుర్తుపట్టడం గురించే మాట్లాడారు. నేను చెల్లెకు చెప్పింది వేరే సంగతి. తొమ్మిదేళ్ళు నిండని ఆ అమ్మాయి ఎదుట, మళ్ళీ పెండ్లి చేసుకున్న పెద్దమనిషిని నిలబెట్టి ఇతను నీ భర్త అన్నారు, తనకన్నా ఏడాది పెద్దవాడైన పిల్లవాణ్ణి నిలబెట్టి వీడు నీ కొడుకు అన్నారు. ఆమె పెండ్లి చేసుకోకుండానే 1987లో చనిపోయింది. అది విన్నాక మా చెల్లె తన అత్తగారితో పెండ్లయినప్పటి నుంచీ మాట్లాడనంత గట్టిగా మాట్లాడింది. ఆ ఊరి ప్రయాణాలు ఆగిపోయాయి. ఇంట్లో ప్రశ్నలూ ఆగిపోయాయి.

ప్రశ్నలు ఆగిన రెండు నెలలకు వాడి మాటలు పలచబడ్డాయి. ఆరో ఏడు వచ్చేసరికి, ఎప్పుడైనా చుట్టాలెవరో కదిపితే "అమ్మ చెప్తది" అనేవాడు. స్టీవెన్సన్ చెప్పిన వయసుకే మరచిపోయాడు. ఆ వయసులో మరుపు వచ్చేది పూర్వజన్మకు మాత్రమే కాదు. ప్యాట్రీషియా బాయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మూడేళ్ళ పిల్లలు తల్లులతో మాట్లాడుకున్న నిజమైన సంఘటనలను తరువాత వేర్వేరు వయసుల్లో అడిగి చూస్తే, అయిదు నుంచి ఏడేళ్ళ పిల్లలకు 60 శాతానికి పైగా గుర్తున్నాయి, ఎనిమిది తొమ్మిదేళ్ళవాళ్ళకు 40 శాతం కూడా లేవు. ఈ జన్మలోని మూడో ఏడు ఏ గాలికి కొట్టుకుపోతుందో, ఆ ఇంకో ఇల్లు కూడా అదే గాలికి కొట్టుకుపోయింది. ఇప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఒంటె గురించి అడిగితే నవ్వుతాడు. బక్రీదు ముందు నల్లగొండకు వచ్చిన ఒంటెను వాడికి రెండేళ్ళప్పుడు వాళ్ళ నాన్న భుజాల మీద ఎక్కించుకొని చూపించాడని మా చెల్లెకు చాలా ఆలస్యంగా జ్ఞాపకం వచ్చింది.

పక్క ఊరికి పోయిన తరువాతి ఏడాది, పెత్రమాసకు రెండు రోజుల ముందు, ఆ తల్లి నన్ను వెతుక్కుంటూ బడికి వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ, వరండాలో చెప్పులు విడిచి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. పోయినవాళ్ళ పేరున అయ్యగారికి బియ్యం ఇచ్చే రోజు గదా అది. "సారూ, మావోడు మీ ఇంట్ల పుట్టిండని అందరంటున్నరు. పుట్టినోని పేరు మీద బియ్యం ఇయ్యొచ్చునా? ఇస్తే ఆ పిల్లగానికి ఏమన్న అయితదా?" అని అడిగింది. నాకు ఏ పుస్తకంలోనూ ఎదురుకాని ప్రశ్న అది. ఏమీ కాదు, ఇవ్వమ్మా అన్నాను.

ఆమె కొంచెంసేపు నేల చూసి, "నేను కూడ ఇయ్యాల్ననే అనుకున్న" అన్నది. అప్పుడే చెప్పులు వేసుకుంటూ, "మీ మేనల్లుడు బీరకాయ ముట్టడంట, మీ చెల్లె చెప్పింది. మావోడు బీరకాయంటే ఇడిసేటోడు కాదు" అన్నది. నల్లగొండలో కూరగాయలు కొనుక్కునే వచ్చినట్టుంది. చేతిలోని సంచిలో నుంచి రెండు బీరకాయల కొసలు బయటికి కనబడుతున్నాయి.